ఎండిన జొన్నచేనూ, మా మందుల సారూ

సారు పోయారన్న సంగతి నాకు ఒక రోగి నోట తెలిసింది. చేతికి పుండు పడి గద్వాల నుంచి రైల్లో వచ్చిన నేత పనివాడు అతను. నేను కట్టు కడుతుంటే నొప్పి మరిచిపోవడానికేమో ఆగకుండా మాట్లాడుతూ, "మా గల్లీల ఒక పెద్దమనిషి ఉండె. గిసొంటి పుండ్లకు ఆయనే మందిస్తుండె. మొన్న ఐతారం పోయిండు. లేకుంటే నేనింత దూరం ఎందుకొస్తుంటి" అన్నాడు. ఏ పెద్దమనిషి అని అడిగాను. ఒకప్పుడు ఈ వనపర్తి దవాఖానలోనే మందుల సారుగా చేశాడట అన్నాడు. నా చేతిలోని గుడ్డచుట్ట జారి గచ్చు మీద దొర్లుకుంటూ పోయింది. అతను దాన్ని తీసి దులిపి ఇవ్వబోతే వద్దని, ఇంకొకటి తెచ్చి కట్టు ముగించాను. కింద పడ్డ గుడ్డను పుండుకు చుట్టకూడదని నాకు నేర్పింది కూడా ఆయనే.

ఇది చదివేవారిలో ఆయన్ని ఎరిగినవారు కొద్దిమందే ఉంటారు. ఆయన డాక్టరు కాదు. పట్నంలో రసాయన శాస్త్రం చదివి, కొన్నేళ్లు అక్కడే ఒక ప్రయోగశాలలో పని చేసి, భార్య చనిపోయాక మా దవాఖానకు వచ్చి మందుల గది చూసుకున్నారు. నేనప్పటికే అక్కడ నర్సుని. బిజినేపల్లి పక్క పల్లెలో, తోలుపని చేసుకునే ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని ఆ ఉద్యోగంలో చేరాను. నేను గదిలోకి వెళితే కొందరు కుర్చీ వెనక్కి జరుపుకునేవారు. సారు మాత్రం తన పక్కనున్న ముక్కాలిపీట నా వైపు తోసి, తన పని తాను చూసుకునేవారు.

ఆయన వేళ్లు యాసిడ్లు తగిలి గోధుమరంగు మచ్చలు పడి ఉండేవి. ఎంత కడుక్కున్నా తన చేతులను తాను నమ్మేవారు కాదు, అందుకే జొన్నరొట్టెను కూడా చెంచాతో తుంచుకుని తినేవారు. దవాఖాన ఊడ్చే ఆవిడ అది చూసి, సారు తెల్లదొరల దగ్గర పెరిగాడేమో అనుకుని చాలాకాలం ఆయన ముందు కూర్చునేది కాదు. కళ్లజోడుకు ఒక వైపు కాడ విరిగితే దారం కట్టుకున్నారు. ఆ దారం మాసిపోతే మార్చేవారు గానీ కాడ వేయించలేదు.

చుట్టుపక్కల నుంచి ఎవరో ఒకరు ఏదో ఒక వేరో, బెరడో, గింజో తెచ్చేవారు. ఇది జ్వరానికి పని చేస్తుందా, ఇది తిని పిల్లవాడు పడిపోయాడు ఇందులో ఏముంది, అని అడిగేవారు. ఆయన వెంటనే ఏదీ చెప్పేవారు కాదు. నూరి, కాచి, వడగట్టి, ఒక్కో చుక్క తీసి, గాజుగొట్టం కిటికీ వెలుగుకు పట్టి చూసేవారు. ముష్టిగింజలోని విషానికి ఒక రంగు వస్తుంది, ఉమ్మెత్తలోని విషానికి ఇంకొకటి. నేను తొందరపడి రంగు వచ్చింది సారూ అంటే, పక్కన ఇంకొక గొట్టం పెట్టేవారు. అందులో తన బీరువాలోని అసలు సరుకు ఉండేది. రెండూ ఒకే తీరుగా మారితేనే ఒప్పుకునేవారు. "తెలిసినదాన్ని పక్కన పెట్టుకోకుండ తెల్వనిదాని జోలికి పోవద్దు బిడ్డా" అనేవారు. చలిజ్వరానికని సంతలో కొన్న కొయినా మాత్రలను కూడా ఇలాగే పట్టుకున్నారు. అసలు కొయినాను కొద్దిగా యాసిడ్ కలిపిన నీళ్లలో కరిగించి ఎండలో పెడితే నీలంగా మెరుస్తుంది. మా ఇద్దరి ముందు ఒక గ్లాసు మెరిసింది, ఒకటి ఉత్త నీళ్లలా ఉండిపోయింది. ఆ మాత్రలన్నీ పారబోశాం.

పట్నం ఎందుకు వదిలారని ఒకసారి అడిగాను. అడవి నుంచి తెచ్చిన ఒక చేదువేరు మీద ఏళ్ల తరబడి పని చేశారట. దానిలోంచి తెల్లటి పలుకులు తీశారు. అటువంటిది లోకంలో ఎవరూ చూడలేదనే నమ్మకంతో, భార్య జబ్బుగా ఉన్న రోజుల్లో కూడా ప్రయోగశాలకు వెళ్లేవారట. చివరికి పై అధికారి ఒకరు, ఇంకెవరో ఎప్పుడో వేరే దేశంలో వేరే చెట్టు నుంచి తీసిన పలుకులు తెప్పించారు. ఆ రెండింటినీ కలిపి వేడి చేశారు. రెండూ వేర్వేరు పదార్థాలైతే కలిపినప్పుడు తక్కువ వేడికే కరిగిపోతాయి. ఒకటే అయితే కరిగే వేడి మారదు. మారలేదు. "కొత్తదనుకున్న. దానికి నేను పుట్టకముందే పేరున్నది" అన్నారు. ఆ నెలలోనే భార్య పోయిందట.

ఇక నేను చెప్పవలసింది మా నాయిన సంగతి.

ఆ ఏడు వానలు ముందుగానే ముఖం చాటేశాయి. మా ఊరి పెద్ద పటేలు వేసిన తెల్లజొన్న మోకాలెత్తు కాకుండానే ముడుచుకుపోయింది. కార్తీకంలో ఒక చిన్న జల్లు పడి కొత్త ఆకు వేసింది గానీ, అది గింజ పట్టే పైరు కాదని అందరికీ తెలుసు. పశువులైనా తింటాయని పటేలు ఒక పొద్దున తన జత ఎద్దులను, రెండు ఆవులను తానే చేనులోకి తోలాడు. పొద్దు నడినెత్తికి రాకముందే ఎద్దులు రెండూ నోట నురుగు కక్కుకుని, ఎగశ్వాస తీస్తూ పడిపోయాయి. ఆవులు వాటి వెనకే పోయాయి. ఆ ఎద్దులు దూడలుగా ఉన్నప్పటి నుంచి పటేలు చేతి మేత తిన్నవి. ఆయన వాటి మెడల మీద పడి ఏడ్చాడని ఊరంతా చెప్పుకుంది.

ఆ పొద్దునే మా నాయిన పటేలు బావి దగ్గర నీళ్లు తోడే మోటతోలు కుట్టడానికి ఆ చేను గట్టు మీదుగా వెళ్లాడు. చచ్చిన పశువు తోలు మా వాడకే వస్తుంది. ఈ రెండూ కలిపి చూసుకున్నవాళ్లకు ఇంకేమీ అక్కరలేకపోయింది. తోలు కోసం మందు పెట్టాడన్నారు. చావడి గుంజకు కట్టి కొట్టారు. నాగర్‌కర్నూలులోని పోలీసు అమీనుకు కబురు పంపారు.

మరునాడు మా అమ్మ నడిచి వనపర్తి వచ్చింది. దవాఖాన వసారాలో కూలబడి, జరిగింది చెప్పింది. ఆమె చెప్పేటప్పుడు సారు మందుల గది గుమ్మంలో నిలబడి విన్నారు. ఎవరు కొట్టారని గానీ, ఎందుకు కొట్టారని గానీ అడగలేదు. "ఎడ్లు ఏం తిన్నయమ్మా?" అని మాత్రం అడిగారు. జొన్న అని అమ్మ చెప్పింది. ఎంత ఎత్తు ఉందో, ఎండిందో పచ్చిదో, వాన ఎప్పుడు పడిందో అడిగారు. అప్పుడు ఆయన ముఖం మారింది. లోపలికి వెళ్లి, కాలిన పుండ్లకు మేము వాడే పసుపుపచ్చ మందులో కాగితపు పీలికలు ముంచి, చాకలిసోడా నీళ్లు పట్టించి ఆరబెట్టడం మొదలుపెట్టారు. ఆ పసుపు మందు మా చేతులకు అంటితే వారం దాకా వదలదు. దానికి ఇంకొక పని కూడా ఉందని నాకు అప్పటి దాకా తెలియదు.

బండిలో వెళుతుంటే ఆయన నాకు వివరించారు. జొన్న లేతగా ఉండగా ఎండకు వాడితే, ఆ ఆకులో ఒక పదార్థం ఎక్కువవుతుంది. నమిలితే దానిలోంచి గాలిలా ఒక విషం పుడుతుంది. ఆకును సీసాలో వేసి బిగిస్తే, అది ఈ కాగితానికి తగిలి పసుపు పోయి ఇటుకరంగు వస్తుంది. జొన్నలో ఆ పదార్థం ఉందని ఎప్పుడో కనిపెట్టారు, దానికి పేరు కూడా ఉంది. ఇందులో తాను కొత్తగా తెలుసుకునేది ఏమీ లేదన్నారు. నాకు అవేవీ సరిగా తలకెక్కలేదు. మా నాయిన ఆ పని చేయలేదని అమీనుకు ఒక్కమాట చెప్పమని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"మీ నాయిన చెయ్యలేదని నాకెరికె. కానీ ఆ సంగతి సీసాకు తెల్వదు. సీసా ఎంత చెప్తదో అంతే నేను చెప్త. జర ఎక్కువ చెప్తే, చెప్పిందంతా పోతది."

నాకు కోపం వచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

చావడి దగ్గర నాయినను చూసి నేను గుర్తుపట్టలేదు. పక్కటెముకల మీద చెయ్యి పెడితే మూలిగాడు. అమీను అప్పటికే వచ్చి మంచం మీద కూర్చుని ఉన్నాడు. సారు తానెవరో చెప్పి, పశువులను చేనులోని జొన్నే చంపి ఉండవచ్చునని, పరీక్షించి చూపిస్తానని అన్నారు. పటేలుకు అది మంటలో నూనె పోసినట్టయింది. కోసిన జొన్న మోళ్లకు మళ్లీ వచ్చే పిలకలను మా వైపు నాము అంటారు. నాము తింటే పశువు చస్తుందని కాపు పిల్లలందరికీ తెలుసు. "నాము కోసిన మోళ్లకొస్తది. నా చేను కొయ్యనే లేదు. పశువుల సంగతి నాకు నువ్వు చెప్తవా?" అన్నాడు పటేలు.

సారు ఆ మాట పట్టుకున్నారు. నాము సంగతి మీకే బాగా తెలుసు కాబట్టి దాన్నే తెప్పించండి అన్నారు. వానకాలపు పచ్చజొన్న కోసేసిన ఇంకో చేనులోని నాము ఒక గుప్పెడు, పశువులు మేసిన చేనులోని ఆకు ఒక గుప్పెడు, బావి కింద నీళ్లు పారి కంకి వేసిన జొన్న ఆకు ఒక గుప్పెడు కావాలన్నారు. తాను గానీ మేము గానీ వాటిని ముట్టకూడదని, పటేలు జీతగాడే తేవాలని చెప్పారు. అతను తెచ్చాడు. పటేలు కళ్ల ముందే మూడింటినీ వేర్వేరుగా దంచి, మూడు సీసాల్లో వేసి, కొంచెం నీళ్లు, విషం త్వరగా బయటికి రావడానికి ఒక చుక్క క్లోరోఫారం పోశారు. పసుపు పీలికను తడిపి, ఆకుకు తగలకుండా లోపల వేలాడేటట్టు బిరడా బిగించారు. ఒక గొల్లాయన తన గొంగడి ఇస్తే వెచ్చగా ఉండేందుకు సీసాలను అందులో చుట్టి ఎండలో పెట్టారు.

అందరూ ఆ గొంగడి చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి మా వాడవాళ్లు కూడా వచ్చి దూరంగా నిలబడ్డారు. నాయినను గుంజ నుంచి విప్పలేదు, నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఎండ చావడి అరుగు మీద నుంచి దిగి వీధిలోకి జరిగింది. అప్పుడు సారు గొంగడి విప్పారు.

బావి కింది జొన్న సీసాలో పీలిక పసుపుగానే ఉంది. నాము సీసాలో ఎర్రబారింది. ఎండిన చేను సీసాలో అంతకన్నా ముదిరి ఇటుకపెళ్లలా ఉంది. పటేలు ఆ సీసాను తానే చేతిలోకి తీసుకుని, ఎండకు పట్టి, తిప్పి తిప్పి చూశాడు.

అయితే ఈ మనిషి విషం పెట్టలేదన్నమాటేనా అని అమీను అడిగాడు. నేను సారు ముఖం వైపు చూశాను.

"విషం ఆకులోనే ఉన్నది. ఆ నాముల ఉన్నదే ఇదీ. మనిషి పెట్టలేదని ఈ సీసా చెప్పదు. ఎడ్లు సచ్చేతందుకు మనిషి పెట్టే అక్కర లేదని చెప్తది."

అమీను విప్పండి అన్నాడు. ఎవరు విప్పాలో తెలియక వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుంటే, సారు వెళ్లి తానే ముడి విప్పారు. బిగిసిపోయిన ముడి.

నాయినను బండిలో దవాఖానకు తెచ్చాం. విరిగిన ఎముక లోపల ఊపిరితిత్తికి తగిలిందని డాక్టరు చెప్పాడు. దగ్గితే నెత్తురు పడేది. సారు రోజూ పని అయ్యాక వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. ఇద్దరూ తోలు నానబెట్టే తుమ్మచెక్క గురించి, తంగేడు గురించి మాట్లాడుకునేవారు. తంగేడు బెరడులో తోలును గట్టిపరిచేది ఏమిటో, దాన్ని ఎలా గుర్తుపడతారో సారు చెబితే నాయిన శ్రద్ధగా వినేవాడు. ఏ నెలలో కొట్టిన బెరడు బాగా పట్టుకుంటుందో నాయిన చెబితే సారు విన్నారు. నేను పుట్టి పెరిగిన ఇంట్లో నాయిన అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఒక రోజు పటేలు వచ్చాడు. లోపలికి రాకుండా వార్డు తలుపు దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. చివరికి మాట్లాడాడు.

"ఎడ్లను నేనే తోలిన. నా చేతులతోనే తోలిన."

నాయినకు మాట రావడం కష్టంగా ఉంది. "దూపైతున్నది పటేలా. ఆ ముంత జర ఇటియ్యి" అన్నాడు.

ముంత మంచం కింద ఉంది. నేను వంగబోతే సారు నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు. పటేలు లోపలికి వచ్చి, వంగి, ముంత తీసి మా నాయిన చేతికి ఇచ్చాడు. నాయిన పట్టుకోలేకపోతే పెదవుల దగ్గర పెట్టాడు. మా ఊళ్లో అటువంటిది ఎవరూ చూసి ఉండరు. ఆ తరువాత పటేలు మళ్లీ రాలేదు. నాయిన సంక్రాంతి దాకా కూడా ఉండలేదు.

సమాధి చేసి వచ్చిన రోజున సారు మందుల గదిలో దీపం పెట్టకుండా కూర్చుని ఉన్నారు. వాళ్లు కొట్టకముందే తాను ఆ ఊరు వెళ్లి ఉంటే బాగుండేదని అన్నారు. మీకు ముందే ఎలా తెలుస్తుంది సారూ అన్నాను. "జొన్నల ఇది ఉన్నదని నాకు పట్నంలనే తెలుసు. ఊర్లె వాళ్లకు చెప్పాల్నని తోచలేదు. తెలిసినదాన్ని బీరువల పెట్టుకుని కూసున్న" అన్నారు.

ఆ మరుసటి కార్తీకం నుంచి ఆయన సంతలకు వెళ్లడం మొదలుపెట్టారు. బిజినేపల్లి, కోడేరు, తరువాత మల్దకల్ జాతర. సంచిలో సీసాలు, పసుపు పీలికలు వేసుకుని, పశువులు అమ్మేచోట కూర్చుని, అడిగినవారికీ అడగనివారికీ చూపించేవారు. లేత జొన్న వాడితే నాముతో సమానమని, కోసి బాగా ఎండబెట్టి వేయమని, ఆకలితో ఉన్న పశువును అందులోకి తోలవద్దని చెప్పేవారు. కొందరు విన్నారు, కొందరు గారడీవాడనుకుని చివరిదాకా నిలబడి ఆట అయిపోయిందా అని అడిగి వెళ్లారు. కోడేరులో పిల్లలు ఆయనకు పసుపు కాగితాల తాత అని పేరు పెట్టారు. ఆయన వల్ల ఎన్ని పశువులు బతికాయో, ఏ గుంజకు ఎవరు కట్టబడకుండా మిగిలారో ఎవరూ చెప్పలేరు. జరగనిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

పని మానుకుని ఆయన గద్వాలలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాక నేను ఏడాదికోసారి వెళ్లి చూసి వచ్చేదాన్ని. కిందటిసారి వెళ్లేసరికి ఆయన కళ్లకు పొర కమ్మి ఉంది. కిటికీ దగ్గర గాజుగొట్టం పట్టుకుని నిలబడి, నా అడుగుల చప్పుడు విని, తిరిగి చూడకుండానే పిలిచారు. "నువ్వు చూసి చెప్పు బిడ్డా, ఏం రంగున్నది? నా కండ్లకు అన్నీ పసుపుగనే కనపడుతున్నయి." ఊదారంగు అని చెప్పాను. ఆయన నవ్వి, గొట్టాన్ని జాగ్రత్తగా నా చేతికిచ్చి, గోడ తడుముకుంటూ వెళ్లి మంచం మీద కూర్చున్నారు. పట్నం వెళ్లి కళ్లకు ఆపరేషన్ చేయించుకోమని ఎంత చెప్పినా, వచ్చే ఏడు చూద్దామన్నారు.

నేతాయన చెప్పిన మరునాడే నేను వనపర్తి రోడ్డులో రైలెక్కి, కృష్ణ దాటి గద్వాల వెళ్లాను. దినాలు కూడా అయిపోలేదు. ఆయన చెల్లెలు నన్ను చూసి లోపలికి రమ్మని, నా పక్కన కూర్చుంది. కాసేపయ్యాక పెరట్లోకి తీసుకెళ్లింది. నులకమంచం మీద ఏవో ఆకులు పలచగా ఆరబోసి ఉన్నాయి. పోవడానికి ముందురోజు ఎవరో పల్లె మనిషి తెచ్చి, దీనిలో ఏముందో చూడమని సారుకు ఇచ్చి పోయాడట. ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో సారు ఆమెకు చెప్పలేదు. నేను ఒక ఆకు తీసుకుని నలిపి వాసన చూశాను. నాకూ తెలియలేదు.

అప్పటికే పొద్దు వాలింది. పక్కింటి మేక ఒకటి దడి సందులోంచి దూరి మంచం దాకా వచ్చింది. ఆమె కర్ర తీసుకుని అడ్డం నిలబడింది.

"తిననియ్యొద్దు. అదేం ఆకో మా అన్న ఇంకా చూడలే" అంది.

నేను బయలుదేరి వీధి మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే, ఆ ఆకుల ముందు, కర్ర పట్టుకుని నిలబడి ఉంది.